రోజూ తాగేదేనా?

సింగపూర్‌లో అడుగుపెట్టిన మొదటి వారం నేను కాఫీ అడిగిన ప్రతిసారీ పాయసం వచ్చింది. మందపాటి పింగాణీ కప్పులో పైన తారులాంటి నల్లటి డికాషన్, అడుగున బొటనవేలు మందాన డబ్బాలో దొరికే తియ్యటి చిక్కపాలు. కలపకుండా తాగితే నాలుక ముడుచుకుపోయే చేదు, కలిపి తాగితే పెళ్లి భోజనం చివర వడ్డించే తీపి. నారాయణగూడలో పెరిగి ఇరానీ చాయ్ మీద బతికినవాడిని, తీపికి భయపడే రకం కాదు. అయినా రోజుకు మూడుసార్లు పాయసం తాగడం నా వల్ల కాలేదు.

తప్పు నాదేనని తెలియడానికి వారం పట్టింది. అక్కడ ‘కోపీ’ అంటేనే ఆ చిక్కపాలు వేసి ఇచ్చేది. పాలు వద్దు, పంచదార చాలు అంటే ‘కోపీ ఓ’. తీపి లేని డబ్బాపాలు పోసి పంచదార విడిగా వేయాలంటే ‘కోపీ సీ’. పంచదార అసలే వద్దంటే చివర ‘కొసొంగ్’, తగ్గించమంటే ‘సియూ దాయ్’, డికాషన్ గట్టిగా ఉండాలంటే ‘గావ్’, ఐసు కావాలంటే ‘పెంగ్’. కొసొంగ్ మలయ్ మాట, ఓ హొక్కియెన్ మాట, సియూ దాయ్ కాంటనీస్ అంటారు; ఈ చివరి రెండూ చైనా భాషలే. ఒక్క కప్పు పేరులో మూడు భాషలు సర్దుకుని కూర్చున్నాయి. పలక మీద దిద్దుకున్నట్టు దిద్దుకుని చివరికి నేను కుదుర్చుకున్న వాక్యం: కోపీ సీ గావ్ సియూ దాయ్. 2014 నుంచి 2021 చివరి దాకా, ఏడున్నరేళ్లు, పొద్దున్నే ఇంటి బయట నా నోట వచ్చిన మొదటి మాట అదే. ఆ మధ్యలో ఒక రోజు నుంచి ఆ మాట కూడా అక్కర్లేకుండా పోయింది. ఆ సంగతే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

మేమున్న పేటలో అపార్టుమెంట్ల కింద, గోడలు లేకుండా తెరిచి ఉండే హోటల్ అది. అలాంటి వాటిని కోపీటియమ్ అంటారు. ఒకే చూరు కింద ఏడెనిమిది కొట్లు. అన్నం ఒకరిది, నూడుల్స్ ఒకరివి, పరోటాలు ఇంకొకరివి. కాఫీ, టీ మాత్రం ఒక్కరే అమ్ముతారు. మా దగ్గర ఆ కొట్టులో నిలబడేది అరవై దాటిన చైనీస్ ఆవిడ. కొట్టు నడిపే పెద్దావిడను ఆంటీ అనీ, పెద్దాయనను అంకుల్ అనీ పిలవడం ఆ దేశపు మర్యాద. మనకు కొత్త కాదు కాబట్టి నాకు తొలిరోజే అలవడింది.

ఆవిడ చేతిలో మేజోడులాంటి పొడవాటి గుడ్డసంచి ఉండేది. రోజంతా డికాషన్‌లో నాని నాని కాటుక రంగుకు తిరిగిన సంచి. దానిలో పొడి. పొడుగు మూతి ఉన్న రేకు కూజాతో సలసల కాగే నీళ్లు పోసి, కింద పట్టిన డికాషన్‌ను మళ్లీ అదే సంచిలోకి ఎత్తి పోసేది. చేయి తలకంటే పైకి లేచేది గానీ ఒక్క చుక్క బయట పడేది కాదు. కప్పును ముందు వేడినీళ్లలో ముంచి తీస్తుంది కాబట్టి చేతికి అందేసరికి దాని పిడి కూడా కాలుతుంది. గింజలను పంచదార, మార్జరిన్ వేసి నల్లగా వేయిస్తారు. అందుకే ఆ వాసనలో కొంచెం పాకం, కొంచెం మాడు. ఫిల్టరు కాఫీ ఇంట్లో పుట్టి పెరిగిన మా ఆవిడ మొదట్లో “ఇది కాఫీ కాదు, కషాయం” అని తేల్చేసింది. ఆరు నెలలు తిరక్కుండా నాకంటే ముందే చెప్పులు వేసుకుని కిందికి దిగేది.

నాలుగు నెలలు గడిచాక కావచ్చు, ఒక వానపొద్దున క్యూలో నా వంతు రాగానే నోరు తెరవబోయాను. ఆవిడ తలెత్తి, గడ్డం కాస్త పైకి ఎగరేసి, “సేమ్ ఆ?” అంది. రోజూ తాగేదేనా అని. నేను తల ఊపాను. అంతే. అప్పటికి ఆ దేశంలో నా దగ్గర ఉద్యోగపు గుర్తింపు కార్డు ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, ఇంటి అద్దె ఒప్పందం ఉంది. అవేవీ ఇవ్వని నిబ్బరం ఆ గడ్డం ఎగరేయడం ఇచ్చింది. ఆ రోజు ఆఫీసులో ఇద్దరికి ఈ సంగతి చెప్పాను. ఇద్దరూ నన్ను వింతగా చూశారు.

అక్కడ కూర్చునే ముసలాళ్లు కాఫీని సాసర్‌లో పోసుకుని, ఊది, జుర్రున పీల్చి తాగేవారు. చేతిలో చైనీస్ పత్రిక, బల్ల కింద ఒక కాలు చెప్పులోంచి బయటికి. ఆ జుర్రు వినిపిస్తే చాలు, కళ్లు మూసుకుని హిమాయత్‌నగర్ దారిలో ఉన్నాననుకోవచ్చు. మా నాన్న చాయ్ తాగేది అలాగే. బయట అలా తాగవద్దని ఆయన్ను పోరిన కొడుకుని నేనే కాబట్టి, అక్కడ కొంచెం సిగ్గుపడ్డాను కూడా.

2020 ఏప్రిల్‌లో బల్లలన్నిటికీ టేపు చుట్టేశారు. కూర్చోవడం నిషేధం, పట్టుకెళ్లడమే. పట్టుకెళ్లే కాఫీ అంటే ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతికి దారం బిగించి, ఆ దారాన్ని వేలికి తగిలించి ఇస్తారు. మన దగ్గర కవర్లో చాయ్ కట్టించుకుని ఆఫీసుకు మోసుకెళ్లినట్టే. వేడిసంచి చేతికి తగలకుండా, దారం తెగకుండా మూడో అంతస్తు దాకా తీసుకెళ్లడం ఒక విద్య. జూన్ 19న మళ్లీ కూర్చోనిచ్చారు. నేను వెళ్లేసరికి ఆంటీ ముఖానికి మాస్కు, పైన ప్లాస్టిక్ తెర. గడ్డం కనిపించలేదు. కనుబొమలు మాత్రం లేచాయి.

వచ్చే నెల పై చదువుకు బయలుదేరుతున్న మా అక్క కొడుకు, “మామయ్యా, మీరు తిరిగిన ఊళ్లలో మంచి హోటళ్ల పేర్లు రాసివ్వండి” అని అడిగాడు. రాయడం మొదలుపెట్టి ఆగాను. ఒక్కసారి వెళ్లి ఫొటో తీసుకొచ్చిన చోట్లన్నిటినీ కొట్టేస్తే, ముప్పయ్యికి పైగా ఉన్న పేర్లలో ఏడెనిమిది మిగిలాయి. ఒక్కసారి తిన్నవాడు వంట గురించి మాత్రమే చెప్పగలడు. హోటల్ గురించి చెప్పాలంటే కనీసం పదిసార్లు వెళ్లాలని నా లెక్క. మినహాయింపులు ఉన్నాయి. అవి ఎందుకు మినహాయింపులో అక్కడే చెబుతాను.

సింగపూర్‌లో మొదటగా రాసింది హాకర్ సెంటర్లు. రోడ్డు మీద బండ్లు పెట్టుకున్నవాళ్లకు ప్రభుత్వం కప్పు, నీళ్లు, మురుగు కాలువ ఏర్పాటు చేసి ఒక్కచోట కూర్చోబెట్టిన ఆవరణలు ఇవి. 2020 డిసెంబరులో యునెస్కో ఈ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. మాకు దగ్గరైనది లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్. ఒక పక్క చేపల, కూరగాయల బజారు, పక్కనే తిండి కొట్లు, పై అంతస్తులో బట్టలు. ఆదివారం పొద్దున్నే కరివేపాకు, మునక్కాయలు, మాంసం కొని, సంచులు కాళ్ల మధ్య పెట్టుకుని, పరోటా తిని ఇంటికి రావడం ఏళ్ల తరబడి మా ఆచారం. అక్కడ పరోటాను ప్రాటా అంటారు. పైన కరకర, లోపల పొరలుపొరలు, పక్కన గిన్నెలో పలుచటి కూర.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఏసీ ఉండదు, ఫ్యాన్లే. మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్తే చొక్కా వీపుకు అతుక్కుంటుంది, కూర్చునే చోటు దొరకదు. కాస్త పక్కకు చూస్తే గోరింకలు పళ్లెంలో దిగుతాయి. ఇంకొక గండం కాగితపు రుమాళ్ల పొట్లం. బల్ల మీద అది పెట్టి ఉందంటే ఆ చోటు ఎవరో పట్టుకున్నారని అర్థం. మన బస్సులో కిటికీలోంచి రుమాలు వేసినట్టన్నమాట. తెలియక నేను మొదటిసారి ఆ పొట్లాన్ని పక్కకు జరిపి దర్జాగా కూర్చున్నాను. పొగలు కక్కే సూపు గిన్నె రెండు చేతులా పట్టుకుని ఒకాయన వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. ఏమీ అనలేదు. పొట్లం వైపు చూశాడు, నా వైపు చూశాడు. రుమాలు వేసి సీటు పట్టే జాతిలో పుట్టి నేను ఆ సంగతి గ్రహించలేకపోవడం అప్రతిష్ఠే. తిన్న పళ్లెం మనమే తీసి పెట్టాలన్న నియమాన్ని 2021 సెప్టెంబరు నుంచి గట్టిగా అమలు చేశారు. హైదరాబాద్ తిరిగొచ్చిన కొత్తలో ఒక టిఫిన్ హోటల్లో నేను ప్లేటు పట్టుకుని లేచి దిక్కులు చూస్తుంటే, బల్లలు తుడిచే అబ్బాయి కంగారుగా వచ్చి లాక్కున్నాడు.

సుల్తాన్ మసీదు ఎదురుగా 1908 నుంచి ఉన్న జమ్‌జమ్‌లో ముర్తబా తినమని మావాడికి తప్పకుండా చెబుతాను. పిండిని గాలిలో తిప్పి చేతిరుమాలంత పలుచగా చాచి, కీమా, గుడ్డు, ఉల్లిపాయ లోపల పెట్టి మడిచి పెనం మీద కాలుస్తారు. మన లుక్మీకి మేనమామ అనుకోవచ్చు. ఒక్కరే తెప్పించుకుంటే పూర్తికాదు. నేను ఏడున్నరేళ్లలో నాలుగైదుసార్లు ప్రయత్నించాను.

అమ్మ మూడు నెలలు మా దగ్గర ఉండటానికి వచ్చినప్పుడు మా దిక్కు సెరంగూన్ రోడ్డులోని కోమల విలాస్. 1947 నాటి శాకాహార హోటల్. విమానం దిగిన మర్నాడు నుంచి అమ్మ ఏదో ఒక వంకతో తిండి తగ్గించేస్తోంది. బయట ఏ గిన్నెలో ఏం ఉడికిందోనని ఆవిడ అనుమానం. కోమల విలాస్‌లో అడుగుపెట్టగానే ముందు వంటగది వైపు చూసింది, తర్వాత పక్క బల్ల మీద ఆకు చూసింది, తర్వాత వడ్డించేవాడి నుదుటి మీద విభూతి చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. దోసె సగమయ్యాక, “ఊరు బాగానే ఉందిరా” అంది. అప్పటికి ఆవిడ ఆ దేశానికి వచ్చి తొమ్మిది రోజులు. తర్వాత ప్రతి శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు చీర మార్చుకుని తయారుగా ఉండేది.

2016లో రెండు హాకర్ కొట్లకు, ప్రపంచమంతా పెద్ద హోటళ్లు పోటీపడే మిషలిన్ గైడు నక్షత్రం వచ్చింది. ప్రపంచమంతా వచ్చి పడింది. అలాంటి పేరున్న ఒక కొట్టు దగ్గర గంటన్నర నిలబడి తిన్నాను. బాగుంది. మళ్లీ వెళ్లలేదు.

ఇక ఆస్ట్రియా రాజధాని వియన్నా. ఆఫీసు పని మీద 2015 నుంచి 2019 దాకా ఏటా రెండుసార్లు, వెళ్లిన ప్రతిసారీ పది పన్నెండు రోజులు. తొలి విడతలో అందరిలాగే కఫే సెంట్రాల్‌కు వెళ్లాను. 1876 నాటిది, రాజమహలులాంటి స్తంభాలు, కమానులు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు రష్యా విప్లవకారుడు ట్రాట్‌స్కీ కూర్చుని చదరంగం ఆడిన చోటు. బయట వరుసలో నిలబడాలి. చూడవలసిందే. నేను చూశాను.

నాకు ఇల్లులా అయింది 1880 నాటి కఫే స్పెర్ల్. మొదటిసారి తలుపు తోసుకుని లోపలికి వెళ్లి కూర్చోగానే ఏదో తెలిసిన చోటికి వచ్చినట్టు అనిపించింది. ఎందుకో తెలియడానికి కొంతసేపు పట్టింది. పాలరాతి పలక పరిచిన గుండ్రటి బల్ల. వంచిన కర్రతో చేసిన కుర్చీ. వీపు దగ్గర ఒక వంపు, దానిలో ఇంకొక వంపు. చిన్నప్పుడు మా నాన్న వేలు పట్టుకుని వెళ్లిన ఇరానీ హోటల్ కుర్చీ ఇదే. అక్కడ ఎన్ని గంటలు దాని వంపులో వేలు దూర్చి ఆడుకున్నానో లెక్కలేదు. తర్వాత కనుక్కుంటే సంగతి తెలిసింది. మిషాయెల్ థోనెట్ అనే ఆయన బీచ్ కర్రను ఆవిరి పట్టి వంచే పద్ధతి కనిపెట్టి, 1859లో పద్నాలుగో నంబరు కుర్చీ తీసుకొచ్చాడు. ఆరు కర్రముక్కలు, పది మరలు, రెండు నట్లు. విప్పి సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో ముప్పయ్యారు కుర్చీలు పడతాయి. పెట్టెలో పట్టేది ఓడ ఎక్కుతుంది, ఓడ ఎక్కింది ఊరూరా దిగుతుంది. మన పాత ఇరానీ హోటళ్ల కుర్చీలు ఆ వంశానివే. నేను సింగపూర్ నుంచి దాదాపు పదివేల కిలోమీటర్లు ఎగిరి వెళ్లి కూర్చున్నది నా చిన్ననాటి కుర్చీకి తాతగారి ఒడిలో.

అక్కడ కాఫీ వచ్చే తీరు చూడాలి. కోలగా ఉన్న లోహపు పళ్లెం. దాని మీద కప్పు, కప్పు పక్కన గ్లాసుడు మంచినీళ్లు, గ్లాసు మూతి మీద బోర్లా పెట్టిన చెంచా. నేను తీసుకునేది మెలాంజ్, సగం డికాషన్, సగం నురగపాలు. అప్పట్లో ధర నాలుగైదు యూరోలు. మన డబ్బుల్లోకి మార్చుకుంటే గొంతు దిగదు కాబట్టి మార్చకూడదు. ఆ డబ్బు కాఫీకి కాదు, కుర్చీకి. కర్రకు బిగించిన దినపత్రికలు తెచ్చుకుని గంటలకొద్దీ కూర్చోవచ్చు. నీళ్లు అయిపోతే అడగకుండానే కొత్త గ్లాసు వస్తుంది. బిల్లు మాత్రం మనం అడిగేదాకా రాదు. ఈ కాఫీ హౌస్ సంస్కృతిని 2011లో ఆస్ట్రియా తన వారసత్వ జాబితాలో చేర్చుకుంది. నాకు జర్మన్ నాలుగు ముక్కలే వచ్చు. పత్రికలో బొమ్మలు, క్రికెట్ లేని ఆటల పేజీ చూసి మడిచేవాణ్ని.

వియన్నా సర్వర్లు ముభావులని లోకప్రసిద్ధి. ఆ ఊరివాళ్లు దాన్ని గర్వంగానే చెప్పుకుంటారు. నల్లకోటు వేసుకున్న ఒక పెద్దాయన మూడు విడతల పాటు నన్ను మొదటిసారి చూస్తున్నట్టే చూశాడు. నాలుగో విడతలో, ఆరు నెలల తర్వాత, నేను కూర్చుని కోటు విప్పేలోపే మెలాంజ్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నవ్వలేదు, పలకరించలేదు. సింగపూర్ ఆంటీ గడ్డమైనా ఎగరేసింది, ఈయన అదీ లేదు. అయినా ఆ రోజు నేను ఇచ్చిన టిప్పు చూసి పక్కనున్న సహోద్యోగి “పెళ్లి కుదిరిందా” అన్నాడు.

సాయంత్రాలకు హవెల్కా. 1939లో ఒక భార్యాభర్తల జంట తెరిచిన చీకటి కఫే. గోడల నిండా పాత పోస్టర్లు. రాత్రి ఎనిమిది దాటాక పొయ్యిలోంచి బుఖ్టెల్న్ వస్తాయి. లోపల ప్లమ్ పండ్ల జామ్ పెట్టిన మెత్తటి తియ్యటి బన్నులు, వేళ్లకు అంటుకునేంత వేడిగా. ఏడున్నరకే వెళ్లి కాచుకుని కూర్చోవాలి. ఆ అరగంట అందరూ తలుపు వైపు కాకుండా వంటగది వైపు తిరిగి కూర్చుంటారు.

ఇస్తాంబుల్ నా పదిసార్ల లెక్కకు అందదు. రెండుసార్లే వెళ్లాను. అయినా చేర్చాను, ఎందుకంటే అక్కడ మొదటి గంటలోనే నా భాష వినబడింది. వాళ్లు చాయ్‌ను చాయ్ అనే అంటారు. ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టిన రెండు కూజాలు. కింద నీళ్లు మరుగుతుంటాయి, పైన ఆకు ఆ ఆవిరికి మెల్లగా ఊరుతుంది. ఆ ఊరడాన్ని వాళ్లు ‘దెమ్’ అంటారు. పారసీకంలో శ్వాస అనే అర్థమున్న మాట అది. మన బిర్యానీకి పెట్టే దమ్, ఇరానీ చాయ్ డికాషన్‌కు మూతబిగించి పెట్టే దమ్ అదే. కాకపోతే మనం విడిగా మరిగించి చిక్కబరచిన పాలు కలుపుతాం, వాళ్లు పాలు పోస్తారంటే మొహం చిట్లిస్తారు. సరైన రంగు కుందేలు నెత్తురులా ఉండాలట. ఎమినోను నుంచి కదికోయ్ వెళ్లే పడవలో, నడుము సన్నటి గాజు గ్లాసులో, పక్కన రెండు పంచదార బిళ్లలతో తాగిన చాయ్‌కు సాటి రాగల హోటల్ నాకు ఆ ఊళ్లో కనబడలేదు. పడవను హోటళ్ల జాబితాలో రాయవచ్చా అని మావాడు అడుగుతాడు. రాస్తాను.

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో బెలెమ్ పేస్ట్రీల దుకాణం 1837 నాటిది. పొరలపొరల పిండి గిన్నెలో గుడ్డుపాల మీగడ పోసి పైన అక్కడక్కడ మచ్చలు పడేలా కాలుస్తారు; దాల్చినచెక్క పొడి మనమే చల్లుకోవాలి. మొహర్రం రోజుల్లో నాంపల్లిలో సుభాన్ బేకరీ ముందు దమ్ కా రోట్ కోసం నిలబడినవాళ్లకు ఆ వరుస కొత్తగా అనిపించదు. ఒకటే చిట్కా: పట్టుకెళ్లేవాళ్ల వరుస వేరు. లోపల నీలం పలకల గదులు ఒకదాని వెనక ఒకటి చాలా ఉన్నాయి, నేరుగా వెళ్లి కూర్చోవచ్చు.

విదేశాల్లో ‘హైదరాబాదీ బిర్యానీ’ అని బోర్డు పెట్టిన హోటళ్ల గురించి రెండు పేరాలు రాసి కొట్టేశాను. పేర్లు చెప్పను. ఒకచోట ఎర్రరంగు పులావు మీద చికెన్ కూర బోర్లించి తెచ్చారు. ఇంకొకచోట జీడిపప్పు, కిస్‌మిస్‌తో పాటు పైనాపిల్ ముక్క వచ్చింది. మరొకచోట మిర్చి కా సాలన్ అడిగితే వంటాయన బయటికి వచ్చి, “మీరు అక్కడివారా?” అని చిన్నగొంతుతో అడిగి, బిర్యానీ తినవద్దనీ, బటర్ చికెన్ బాగుంటుందనీ సలహా ఇచ్చాడు. అంతకంటే నిజాయితీ గల సమీక్ష నేనూ రాయలేను.

లండన్‌లో మా చెల్లెలు ఉంది కాబట్టి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వెళ్లక తప్పదు. 2010లో కోవెంట్ గార్డెన్‌లో మొదలైన డిషూమ్, బొంబాయి పాత ఇరానీ కేఫులను తలచుకుంటూ కట్టిన హోటల్. ఇరవై నాలుగు గంటలు ఉడికించే నల్ల మినప్పప్పు, ఖాళీ అయితే మళ్లీ నింపే చాయ్. సాయంత్రం వరుస పొడవు. పొద్దున టిఫిన్‌కు వెళ్లడం తెలివైన పని. వంట బాగుంటుంది, శుభ్రం, వడ్డించేవాళ్లు మర్యాదగా మాట్లాడతారు. నాకున్న ఇబ్బంది వాళ్లతో కాదు. గోడ మీద పాత గడియారం, పాత అద్దం, పాత ఫ్యాను చూస్తూ మా బావగారు “ఎంత బాగా పెట్టారో” అంటే, ఇవన్నీ సహజంగా ముసలివైపోయిన హోటల్ మా వీధి చివర ఉంది కదా అని నా మనసు లెక్కలు కట్టేది.

అలా సహజంగా ముసలిదైన హోటల్ ఒకటి లండన్‌లోనే, స్ట్రాండ్ వీధిలో ఉండేది. ఇండియా క్లబ్. 1951లో మొదలైంది, మన స్వాతంత్ర్యం కోసం లండన్‌లో పనిచేసిన కృష్ణ మీనన్ ప్రభృతుల ఇండియా లీగ్‌తో ముడిపడిన చోటు. సన్నటి మెట్లెక్కి పైకి వెళ్లాలి. ఫార్మైకా బల్లలు, గోడల మీద గాంధీగారి కాలపు పెద్దల పటాలు, మసాలా దోసె. దాన్ని ఎవరూ అలంకరించలేదు, అలాగే ఉండిపోయింది. నేను వెళ్లింది ఏడుసార్లో ఎనిమిదిసార్లో. పదికి చేరలేదు, ఇక చేరదు. 2023 సెప్టెంబరులో మూతపడింది. చివరిసారి వెళ్లినప్పుడు అది చివరిసారని నాకు తెలియదు. దోసె సగం వదిలేసి రైలు అందుకోవడానికి పరుగెత్తాను.

2022 మొదట్లో హైదరాబాద్ తిరిగొచ్చాక, నా దగ్గర ఇన్ని ఊళ్ల అనుభవం ఉంది కదా అని, జూబ్లీహిల్స్‌లో కొత్తగా తెరిచిన కఫేలు వరసగా చూశాను. గింజ ఏ కొండది, ఎంత ఎత్తున పండింది అన్నీ చీటీ మీద రాసి ఇస్తారు. కాఫీ నిజంగా బాగుంటోంది, కొన్నిచోట్ల వియన్నా కంటే బాగుంటోంది. ఒకచోట మూడువందల యాభై రూపాయల కప్పు ముందు పెట్టుకుని నలభై నిమిషాలు కూర్చున్నాను. ఆలోపు “ఇంకేమైనా కావాలా సార్” అని నాలుగుసార్లు అడిగారు. నాలుగోసారి అడిగిన అబ్బాయి బిల్లు కూడా తెచ్చాడు. ఇంట్లో గుడ్డసంచి కట్టి కోపీ కాచే ప్రయత్నం కూడా చేశాను. మా ఆవిడ ఇప్పుడు ఆ గుడ్డను పెరుగు వేలాడదీయడానికి వాడుతోంది.

చివరికి మా వీధి చివరి ఇరానీ హోటల్‌కే చేరాను. యజమాని అదే కుటుంబం, పనివాళ్లు మాత్రం అందరూ కొత్త. కుర్చీలు ప్లాస్టిక్‌వి వచ్చాయి. వంచిన కర్రవి రెండే మిగిలాయి, ఒకదాని మీద గల్లా పెట్టె ఉంది. చాయ్ అదే. ఉస్మానియా బిస్కెట్ ముంచితే విరిగిపడే సమయమూ అదే. అయితే సర్వర్ భాయ్‌కి నేను ఎవరో తెలియదు. రోజూ ఒకే బల్ల, రోజూ ఒకే చాయ్, రెండు బిస్కెట్లు, అయినా ప్రతి ఉదయం “క్యా హోనా?” అనేవాడు, ఏం కావాలని. నా సొంత ఊళ్లో అలా ఆరు నెలలు గడిచాయి. ఏడో నెలలో ఒక రోజు అడగకుండా తెచ్చి పెట్టాడు. సింగపూర్‌లో నాలుగు నెలలే పట్టిందని మా ఆవిడతో అంటే, అక్కడ మీరు ఒక్కరే అలా పలికేవారు కాబట్టి గుర్తుండి ఉంటుంది అంది.

మొన్న జనవరిలో సింగపూర్ నుంచి నా పాత సహోద్యోగి వచ్చాడు, వారం రోజులు మా ఇంట్లోనే. చైనాలోని హైనాన్ దీవి నుంచి వలస వచ్చిన కుటుంబం వాళ్లది. తాతగారు కోపీటియమ్ నడిపారు. చార్మినార్, దాని పక్కన నిమ్రా కేఫ్ అన్నీ చూపించాక మా వీధి హోటల్‌కు తీసుకెళ్లాను. సాసర్ సంగతి అతనికి చూపించి ఆశ్చర్యపరుద్దామని ఉంది. నేను ఇంకా కుర్చీ సర్దుకుంటున్నాను. అతను కప్పెత్తి సాసర్‌లో పోసుకుని, ఊది, జుర్రున పీల్చి, “తాత ఇలాగే తాగేవాడు” అన్నాడు. తీపి ఎక్కువైందనీ, సియూ దాయ్‌ని ఇక్కడ ఏమంటారనీ అడిగాడు. ఇక్కడ ఆ మాట లేదని చెప్పాను. తల ఊపి రెండో చాయ్ తెప్పించుకున్నాడు. మర్నాడు నుంచి నాకంటే ముందు లేచి ఒక్కడే వెళ్లి, సైగలతో ఏం చెప్పేవాడో గానీ, గల్లా దగ్గర ఆయనతో కూడా నవ్వుతూ కనబడేవాడు.

అయిదో రోజు ఇద్దరం కలిసి వెళ్లి కూర్చున్నాం. భాయ్ వచ్చి అతని ముందు ఒక చాయ్, ఒక బన్ మస్కా, ఒక ఖాళీ సాసర్ అదనంగా పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, “ఆప్‌కో క్యా హోనా?” అన్నాడు.